నలభై రూపాయల మనియార్డరు

మనియార్డరు ఫారం చివర, చించి ఇవ్వడానికి వీలుగా, రెండు వేళ్ల వెడల్పున ఒక ముక్క ఉండేది. దాన్ని కూపను అనేవారు. డబ్బు పంపేవారు నాలుగు మాటలు రాయదలచుకుంటే ఆ ముక్కలోనే సరిపెట్టుకోవాలి. 1979 నుంచి 1981 వరకు నేను వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదువుకున్న రెండేళ్లూ, వేసవి సెలవులు మినహాయిస్తే, ప్రతి నెలా పదో తేదీ లోపల కాకినాడ నుంచి నా పేర నలభై రూపాయల మనియార్డరు వచ్చేది. కూపను మీద ఊదారంగు సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, రెండు వాక్యాలు ఉండేవి: "క్షేమం. అందినట్టు తెలియజేయవలెను." వరదల రోజుల్లో మాత్రం మూడో వాక్యం చేరేది: "మీ వైపు లంకలు మునిగినవని విన్నాము, మీవారు క్షేమమని తలుస్తాము." పంపినవారు నాకు చుట్టమూ కారు, పక్కమూ కారు. ఆ సొమ్ము నేను పుట్టడానికి పాతికేళ్ల ముందే కాలం చేసిన ఒక బియ్యం వర్తకుడిది. కాకినాడలో వ్యాపారం చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఆ మనిషి, తన తల్లి పేరిట పదకొండు ఎకరాల పల్లపు భూమిని రాసి, దాని మీద వచ్చే మక్తాతో, అంటే కౌలు ఆదాయంతో, బీద విద్యార్థులకు నెలనెలా సాయం చేయాలని వీలునామాలో పెట్టాడు. ఆయన పేరు గానీ ఆ తల్లి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. వారి వారసులకు అటువంటి ప్రచారం గిట్టదు.

మా ఊరు కోనసీమలో గౌతమికీ వైనతేయకూ నడుమ ఉంది. మా నాన్న రెండెకరాలు కౌలుకు చేసేవాడు. చేలో పనిలేని రోజుల్లో కొబ్బరి వలుపుకు వెళ్లేవాడు. నేలలో నిలువుగా పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, రెండు చేతులతో మూడు తిప్పులు తిప్పేసరికి డొక్క మూడు పాయలుగా విడిపోయి కాయ బయటికి వచ్చేది. వెయ్యి కాయలకు ఇంతని కూలి. సాయంత్రానికి ఆయన అరచేతులు పీచు రంగుకు తిరిగి, అన్నం కలుపుకుంటుంటే మంట పుట్టి, మజ్జిగలో ముంచి కాసేపు ఊరుకునేవాడు. అమలాపురంలో ఇంటర్మీడియెట్ అయ్యాక డిగ్రీకి కాకినాడ పోతానన్నప్పుడు ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. "అక్కడ తిండెవరు పెడతార్రా పెద్దోడా?" అని మాత్రం అడిగాడు. చదువుకు అడ్డుపడేది ఫీజు కాదు, తిండి అని ఆ ఒక్క ప్రశ్నలో ఆయన చెప్పిన సంగతి అర్థశాస్త్రం పాఠాల్లో నాకు ఇంత సూటిగా ఎక్కడా తగలలేదు.

అప్పటికి ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి లేదు. అమలాపురంలో బస్సెక్కి ఎదుర్లంక రేవులో దిగి, పంటు మీద ఏరు దాటి, యానాంలో మరో బస్సు పట్టుకోవాలి. రేకు పెట్టె, అరబస్తా బియ్యం, కొబ్బరి నూనె సీసా, ఊరగాయ జాడీ: ఇవీ నా సామాను. పంటు మీద ఎడ్లబండ్ల పక్కన బియ్యం బస్తా మీదే కూర్చునేవాణ్ని, తడి తగలకుండా. యానాం దాటాక కోరంగి వస్తుంది. ఒకనాడు ఓడలు కట్టిన పెద్ద రేవు అది. 1839 తుపానులో దెబ్బతిని మళ్లీ మునుపటి కళ చూడలేదు. ఆ ప్రాంతంలో పుట్టిన మల్లాడి సత్యలింగం నాయకర్ పెద్ద చదువులు చదవకుండానే రంగూన్ వెళ్లి, అక్కడి రేవులో ఓడల సరుకు ఎగుమతి దిగుమతుల పనిలో సంపాదించి, 1915లో కన్నుమూసే ముందే తన ఆస్తిని చదువుకూ అన్నదానానికీ వీలునామాగా రాసిపెట్టాడు. కాకినాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పీజీ కేంద్రానికీ ఆయన పేరే వచ్చింది. అది తరవాత ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లినా పేరు మారలేదు. బస్సు చొల్లంగి దాటి జగన్నాథపురం వంతెన ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరు ఆ నాయకర్‌గారి కథ చెప్పకుండా ఉండేవారు కాదు. చదువు లేనివాడు చదువుకు ఇచ్చాడని విన్నప్పుడల్లా, గునపం ముందు కూర్చున్న మా నాన్న గుర్తుకు వచ్చేవాడు.

నేను చేరింది పిఠాపురం రాజావారి కళాశాల. 1884 నాటి నుంచి డెల్టా పిల్లలకు అది పెద్ద దిక్కు. మా తెలుగు మాస్టారు తరగతిలో పాఠం అయిపోయాక, గంట కొట్టడానికి అయిదు నిమిషాలు మిగిలితే, రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి సంగతులు ఎత్తుకునేవారు. నాయుడుగారు 1904 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. తెల్లటి బట్టలు, తెల్లటి తలపాగా, తన జీతంలో చాలా భాగం బీద విద్యార్థులకే. ఆయనను గురువుగా ఎంచిన పిఠాపురం రాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారు ఆడపిల్లలకూ హరిజన విద్యార్థులకూ జీతం లేకుండా చదువు చెప్పించారు. ఇక్కడ జీతమంటే ఫీజు. ఆ తరం వారు ఫీజు కట్టడాన్ని జీతం కట్టడమనే అనేవారు. నూరేళ్ల కిందట ఒక ఊళ్లో ఇద్దరు మనుషులు, ఒకరు డబ్బుతో, ఒకరు మాటతో, కాలేజీ వాకిలి ఎవరెవరికి తెరవాలో తేల్చేశారు. ఆ తేల్చిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నా ఉద్దేశంలో రాజావారి పేరు నిలవవలసింది ఆయన డబ్బుతో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వల్ల కంటే, ఆ తెరిచిన వాకిలి వల్లనే ఎక్కువ. అయితే నిఘంటువు బీరువాలో కనిపిస్తుంది, వాకిట్లోంచి నడిచి వెళ్లిన పిల్లలు కనిపించరు.

మాస్టారు తాను వారాలు చేసుకుని చదువుకున్నవారు. వారాలంటే తెలియని వారి కోసం: వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్లు ఒప్పుకుంటే, ఏ రోజు ఇంట్లో ఆ రోజు భోజనం. "ఆరిళ్లు దొరికేవి నాయనా, ఏడో ఇల్లే దొరికేది కాదు. నా బి.ఏ. అంతా గురువారం ఉపవాసంతోనే గడిచింది. ఊళ్లో మాత్రం నన్ను బాబా భక్తుడనుకునేవారు" అని ఆయన నవ్వేవారు. ఆ వారాల్లోనూ కులం కంచం పక్కనే కూర్చునేదనీ, అందరి పిల్లలకూ ఆ ఏడిళ్లు లేవనీ ఆయనే చెప్పేవారు. నాకు ఆ అవకాశం ఎలాగూ ఉండేది కాదు. డొక్కా సీతమ్మగారు లంకల గన్నవరంలో, వేళగాని వేళ ఎవరొచ్చినా వడ్డించిందని మా మామ్మ చెప్పగా విన్నవాణ్ని. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికే ఆమె పేరు పెట్టారు. కానీ నాలుగేళ్లో అయిదేళ్లో వరసగా ఒక పిల్లవాడికి తిండి చూపించాలంటే ఒక తల్లి చేయి చాలదు, వెనకాల పొలం ఉండాలి, ఆ పొలానికి లెక్క ఉండాలి.

ఆ లెక్క నాకు మాస్టారి ద్వారానే దొరికింది. మొదటి సంవత్సరం దసరాకు ముందు, జగన్నాథపురం వంతెన ఇవతల ఒక సందులో, పాత పెంకుటింటి అరుగు మీదికి నన్నూ మా నాన్ననూ తీసుకువెళ్లారు. అదే ధర్మనిధి కార్యాలయం. ఒక బల్ల, ఒక బీరువా, గోడకు దేవుడి పటం, దాని కింద దాత తల్లి ఫొటో. ఒకే ఒక గుమాస్తాగారు. సన్నగా, పొట్టి చేతుల బనీను మీద ఉత్తరీయంతో, ఎదుటివారిని తలెత్తి చూడకుండానే మాట్లాడే మనిషి. నాన్న అరుగు దిగువనే నిలబడిపోయి చేతులు కట్టుకున్నాడు. "పైకి రండి. ఇక్కడ నిలబడి తీసుకునే డబ్బు కాదండి ఇది" అన్నారాయన. నాన్న వచ్చి అరుగు అంచున, సగం గాలిలో ఉన్నట్టు, కూర్చున్నాడు. మార్కుల కాగితం, కరణంగారి దగ్గర తెచ్చిన ఆదాయం పత్రం చూశాక ఆయన అడిగిన ప్రశ్న ఒకటే. "మీరు చేసే భూమికి మక్తా ఎంత కడుతున్నారు?" సార్వా పంటకు ఎకరాకు పది బస్తాలని నాన్న చెప్పాడు. గుమాస్తాగారు ఒక్క క్షణం ఆగి, "ఎక్కువే" అని, రిజిస్టరు తిప్పి నా పేరు రాశారు.

డిగ్రీ మూడేళ్లూ నెలకోసారి ఆ అరుగెక్కేవాణ్ని. రిజిస్టరులో నా వరసలో రెవెన్యూ స్టాంపు అతికించి, దాని మీద అడ్డంగా సంతకం చేయాలి. స్టాంపు ఎవరిది వారు తెచ్చుకోవాలని గోడ మీద రాసి ఉండేది. తెచ్చుకోని వారికి ఆయన సొరుగులోంచి ఒకటి తీసి, నాలుక మీద కాక తడిగుడ్డ మీద అద్ది, తానే అతికించేవారు. దాని వెల మాత్రం నలభైలోంచి కోసుకునేవారు కాదు. సొరుగులో మరో డబ్బాలోంచి చిల్లర తీసి మొదటి డబ్బాలో వేసేవారు. అది ఆయన సొంత చిల్లర అని నేను గ్రహించడానికి ఒక సంవత్సరం పట్టింది. అప్పట్లో నలుగురం కలిసి గది తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం వండుకుని, కూరలూ పెరుగూ కిరోసినూ పంచుకుంటే, నలభై రూపాయలు నెల రోజులకు బొటాబొటిగా సరిపోయేవి. సర్కారు స్కాలర్‌షిప్పు కూడా మంజూరైంది కానీ, అది ఇవ్వవలసిన కార్యాలయంలో ఫైలు ఏ బల్ల మీద నిద్రపోయిందో, మొదటి సంవత్సరం డబ్బు రెండో సంవత్సరం పరీక్షల తరవాత చేతికి వచ్చింది. వెయ్యి రూపాయలు ఏడాదిన్నర ఆలస్యంగా రావడం కంటే నలభై రూపాయలు పదో తేదీన రావడం ఎంత మేలో, ఆకలి మీద చదువుకున్న వారిని అడిగితే చెబుతారు. ఇప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి కాలేజీ ఫీజు బాధ చాలామందికి తగ్గింది. అయితే గది అద్దె, మెస్సు బిల్లు ఏ పథకం కోసమూ ఆగవు.

1978 జనవరిలో నా చేతికి నలభైకి బదులు ముప్ఫయి వచ్చింది. ఎందుకని అడిగితే "ఈ మూడు నెలలూ ఇంతే" అన్నారు గుమాస్తాగారు, తలెత్తకుండానే. నాకు చాలా కోపం వచ్చింది. పది రూపాయలు ఆయన మింగాడని గదిలో మిత్రులతో అన్నాను కూడా. ఆ మాట అన్నందుకు సిగ్గుపడడానికి నాకు ముప్ఫయి ఏళ్లు పట్టింది. దాని సంగతి తరవాత చెబుతాను.

విశ్వవిద్యాలయానికి వెళ్లాక దాతృత్వం అనే మాట కొలతే మారిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో విశాఖపట్నం చేరింది. కొండవాలు మీద సముద్రం కనిపించే ఆ భవనాల్లో, సైన్సు కళాశాలకు ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారి పేరు చూశాను. ఆయన ఏటా లక్ష రూపాయలు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1930లలో లక్ష రూపాయలంటే ఏమిటో మా ప్రొఫెసరుగారు బోర్డు మీద లెక్క వేసి చూపించబోయి, సుద్దముక్క పక్కన పెట్టి, "వద్దులే, నమ్మరు" అన్నారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపకులపతిగా ఉన్న రోజుల్లో, సర్కారు దయ మీద మాత్రమే కాక ఇటువంటి వారి చేయూత మీద కూడా విశ్వవిద్యాలయం నిలదొక్కుకుంది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాక ఆ పెద్ద చేతులు ముడుచుకున్నాయి. చట్టం రావలసినదే, అందులో నాకు సందేహం లేదు; జమీందారు ఇచ్చిన దానం కూడా ఎవరో రైతు కట్టిన శిస్తే కదా. కానీ ఆ చేతుల స్థానంలోకి వచ్చిన చేతులు డెల్టావి, అందులోనూ ఎక్కువ రైతులవీ వర్తకులవీ. చట్టానికి ముందే 1945లో భీమవరంలో, ఏలూరులో, ఆ తరవాత 1949లో నరసాపురంలో, 1951లో అమలాపురంలో వరసగా కాలేజీలు లేచాయి. చూడడానికి ఇది పుణ్యకథలా ఉంటుంది గానీ, దీని అడుగున నీళ్లు ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే కాలువలు లేవు, కాలువలు లేకపోతే మిగులు ధాన్యం లేదు, మిగులు లేకపోతే కాలేజీకి చందా రాయగల రైతూ లేడు, తల్లి పేరిట పదకొండు ఎకరాలు రాయగల బియ్యం వర్తకుడూ లేడు.

వాల్తేరు హాస్టల్లో మెస్సు బిల్లు నెలకు నూట పది రూపాయలకు అటూ ఇటూగా వచ్చేది. అందులో నలభై మనియార్డరు, మిగిలినదానికి ఇద్దరు స్కూలు పిల్లలకు ట్యూషను చెప్పేవాణ్ని. మనియార్డరు తెచ్చే పోస్టుమాన్ హాస్టలు వరండాలో నా పేరు పిలిచినప్పుడు, వాళ్ల నాన్నలు పంపే రెండేసి వందలు అందుకునే స్నేహితుల నడుమ నలభైకి సంతకం పెట్టడానికి మొదట్లో నామోషీగా ఉండేది. ఆయన నా పరిస్థితి కనిపెట్టి, తరవాత నుంచి అందరికంటే చివర నన్ను పిలిచేవాడు. ప్రతి మనియార్డరుకూ నేను ఒక కార్డు ముక్క రాసేవాణ్ని: "తమరు పంపిన రూ. 40 అందినవి. చిత్తగించవలెను." పరీక్షలు ఎలా రాశానో, ఏం చదువుతున్నానో కూడా రెండు ముక్కలు రాసేవాణ్ని. అటు నుంచి ఎప్పుడూ జవాబు లేదు, కూపను తప్ప. గుమాస్తాగారు అభిమానంతోనే అందినట్టు తెలియజేయమంటున్నారని అనుకునేవాణ్ని.

నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చేనాటికి గుమాస్తాగారు లేరు. జిల్లాలోని ఊళ్లు తిరిగి, పెళ్లీ పిల్లలూ బదిలీలూ అయ్యాక, 2009లో ఆ దాత వారసులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ధర్మనిధి కమిటీలో, పూర్వం సాయం పొందినవారు ఒకరు ఉండాలని వారి ఉద్దేశం. పాత కాగితాలు చూసి పెట్టమని బీరువా తాళం చేతికిచ్చారు. ఆ బీరువాలో 1977–78 చిట్టా తీసి జనవరి పేజీ తిప్పాను. 1977 నవంబరు తుపానులో ప్రళయం దివిసీమది. అయినా ఆ గాలివానకు నరసాపురం వైపు మా నిధి పొలంలో కోతకు వచ్చిన చేను నేలకొరిగింది. ఇద్దరు కౌలుదారులు మక్తా తగ్గించమని అర్జీ పెట్టుకున్నారు. వేలిముద్రలతో ఆ అర్జీ చిట్టాకే గుచ్చి ఉంది. ఎకరాకు తొమ్మిది బస్తాల మక్తాలో నాలుగు మాఫీ. దాని కింద తొమ్మిది మంది విద్యార్థుల పేర్లు, ఒక్కొక్కరికి ముప్ఫయి చొప్పున. ఎవరి పేరూ కొట్టేయలేదు. ఆ పేజీ అడుగున ఉన్న వరస ఇది: "గుమాస్తా జీతం: నిలవ లేదు, తరవాత." ఫిబ్రవరిలోనూ అదే. మార్చిలో సగం. తరవాతి పేజీల్లో ఆ బాకీ తీర్చినట్టు రాత ఎక్కడా నాకు కనిపించలేదు.

అదే బీరువా కింది అరలో, ఇనుప తీగకు గుచ్చిన వోచర్ల గుత్తిలో, నా కార్డులు ఇరవై కనిపించాయి. ఒక్కటీ పోలేదు. ప్రతి కార్డు నడుమ తీగ గుచ్చిన కన్నం, పైన ఎర్ర సిరాతో వోచరు నంబరు. అందినట్టు తెలియజేయమన్నది లెక్క కోసం. పరీక్షలు బాగా రాశానని నేను రాసుకున్న వాక్యాల మీదుగానే తీగ దూసుకుపోయింది. నొచ్చుకోవలసిన విషయమే గానీ, నాకు నవ్వు వచ్చింది. కాసేపటికి గౌరవం కలిగింది. దాత ఒక్కసారి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆ సంతకాన్ని ఇరవై ముప్ఫయి ఏళ్లు నెలనెలా, పైసా తేడా లేకుండా నిజం చేసేవాడు వేరే ఉంటాడు. ఆ నిజానికి ధాన్యం బస్తాలు మోసేవాడు ఇంకొకడు ఉంటాడు. మన కాలేజీల్లో పాలరాతి పలకల మీద పేర్లన్నీ మొదటివాడివే. మా కాలేజీ తరగతి గదుల్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించేవారు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అది కనిపించదు, కరెంటు పోయి ఉక్కపోస్తున్నప్పుడే ఆ మహానుభావుడెవరో తెలుస్తుంది.

భూమిగా ఇచ్చిన దానానికీ డబ్బుగా ఇచ్చిన దానానికీ ఉన్న తేడా నాకు కమిటీలో కూర్చున్నాకే చేతికి తగిలింది. మా సహాధ్యాయులం కొందరం 1995లో చందాలు వేసుకుని ఒక మూలధనాన్ని బ్యాంకులో వేశాం, దాని వడ్డీతో ఏటా ఒకరికి పుస్తకాలు కొనిపెట్టాలని. అప్పుడు వడ్డీ పన్నెండు శాతం దాకా పలికింది. ఇప్పుడు ఏడు దాటడం లేదు, పుస్తకాల ధరలు మాత్రం దాటవలసినవన్నీ దాటాయి. అసలు ముట్టుకోకూడదని మేమే రాసుకున్నాం కనుక, ఆ నిధి ఏటికేడాది చిక్కిపోతోంది. బియ్యం వర్తకుడి పదకొండు ఎకరాలు అలా చిక్కలేదు. ధాన్యం ధరతోపాటు మక్తా పెరిగింది, మక్తాతోపాటు ఆ నలభై కాస్తా నాలుగు వందలైంది, ఆ పైన వెయ్యి అయింది.

2012లో ఆ పొలమే మాకు పెద్ద పరీక్ష పెట్టింది. వనామీ రొయ్య వచ్చిన కొత్త. చుట్టూ చేలు చెరువులవుతున్నాయి. వరికి కట్టే మక్తా మీద రెండింతల పైగా ఇస్తానని ఒక చెరువుల ఆసామి వచ్చాడు. అంటే తొమ్మిది మందికి బదులు ఇరవై మందికి సాయం చేయవచ్చు. కాకినాడ జేఎన్‌టీయూలో, నేను చదివిన పి.ఆర్. కాలేజీలో, విశాఖలో చదువుతున్న పిల్లల దరఖాస్తులు మా బల్ల మీద కట్టగా ఉన్నాయి, సగం మందికి లేదనే చెబుతున్నాం. కమిటీలో ఒక పెద్దాయన మాత్రం, ఉప్పునీళ్లు పక్క చేలోకి ఊరతాయనీ, వర్తకుడు రాసింది వరి పొలమనీ అన్నారు. వీలునామాలో 'వరి' అనే మాట ఎక్కడా లేదని నేను చదివి వినిపించాను. అర్థశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ని. ఇరవై పెద్దదా తొమ్మిది పెద్దదా అని అడిగాను. నా మాటే నెగ్గింది. గుమాస్తాగారు ఉండి ఉంటే తలెత్తకుండా ఏమనేవారోనని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

మూడేళ్లు ఇరవై మందికీ సాయం అందింది. అందులో ఇద్దరు పీజీ పూర్తిచేశారు, ఒకమ్మాయి ఇంజనీరింగులో మంచి మార్కులతో బయటపడింది. ఆ సంతోషం అబద్ధం కాదు. నాలుగో ఏట వచ్చిన దరఖాస్తుల్లో నరసాపురం వైపు అమ్మాయిది ఒకటి ఉంది, కాకినాడలో బీటెక్ మొదటి సంవత్సరం. ఊరు చూడగానే సర్వే నంబరు గుర్తొచ్చింది. మా నిధి భూమికి దిగువన ఎకరంన్నర చేసుకునే రైతు కూతురు. 'తండ్రి వృత్తి' అన్న చోట ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "పూర్వం వ్యవసాయం. చేను ఉప్పు ఊటకు పోయినందున ప్రస్తుతం చెరువు కాపలా." ఏ చెరువో రాయలేదు. రాయనక్కరలేదు.

మంజూరు కాగితం మీద సంతకం పెట్టాను. మక్తా కాగితం గడువు ఇంకో రెండేళ్లు ఉందనీ, అప్పుడు మళ్లీ వరికే ఇవ్వాలనీ తీర్మానం రాయించాను. ఉప్పెక్కిన నేల వరికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ తీర్మానంలో లేదు. మనియార్డర్లు పోయి బ్యాంకు బదిలీలు వచ్చాయి కనుక మొదటి నెల డబ్బు పడిందో లేదో కనుక్కోవడానికి ఫోను చేశాను. తండ్రే ఎత్తాడు. వెనకాల మోటార్ల రొద.

"అందినాయండి. పాప చెప్పిందండి" అన్నాడు. ఆ పైన నేను ఏదో అనబోతుంటే, "ఏరేటర్లు వేసే టైమైందండి, చీకటి పడితే రొయ్య పైకి తేలిపోద్దండి. మళ్లీ చేత్తానండి, ఏం అనుకోకండి" అని పెట్టేశాడు.